గోదారికి ఇచ్చిన అద్దాలు

కళ్ళు మూసుకుని కూర్చోమన్నది రాణిని. సూర్యకళని కాదు. అయినా కూతురి కళ్ళలో చుక్కల మందు పడగానే తల్లి రెప్పలూ వాటంతటవే వాలిపోయాయి. పిల్లకి అన్నం ముద్ద పెడుతూ తనే నోరు తెరిచిన రోజుల నాటి అలవాటది, పిల్లకి ఇరవయ్యేళ్ళొచ్చినా పోలేదు. గంటసేపు పడుతుందట. నల్లగుడ్డు బాగా విప్పారాలట, అప్పుడు లోపలికి తీసుకెళ్ళి పెద్దడాక్టరుగారు చూస్తారట, అంతా బాగుందంటే రేపు పొద్దున్నే లేజరు. రాణి తల తెచ్చి అమ్మ భుజం మీద వాల్చింది. దాని కళ్ళద్దాలు సూర్యకళ ఒళ్ళో ఉన్నాయి, ముక్కు మీద ఆనే చోట ఇంకా చెమట తడి ఉంది. బయట రాజమండ్రి ఎండకి మాడిపోతుంటే ఈ మూడో అంతస్తులో ఏసీ చలి ఎముకల్లోకి దూరుతోంది. ఏసీ అంటే సూర్యకళకి హడల్. కాసేపటికే కళ్ళు ఎండిపోయి లోపల ఇసుక పోసినట్టవుతుంది. బ్యాగులో తన చుక్కల సీసా ఒకటుంది, అది పిల్ల చూడకుండా వేసుకోవాలి. పిల్ల కళ్ళు మూసుకునే ఉంది కదా, ఇప్పుడు వేసుకోవచ్చు. వేసుకుంది. తల్లీకూతుళ్ళిద్దరూ పక్కపక్కనే చుక్కలు వేసుకుని కూర్చున్నారు, కూతురిది డాక్టరు వేయించిన చుక్క, తల్లిది దొంగచుక్క.

ఒళ్ళో అద్దాల పక్కన వాళ్ళిచ్చిన రంగుల కాగితం. అందులో ఒక అమ్మాయి కళ్ళద్దాలు గాల్లోకి విసిరేసి నవ్వుతోంది, కింద లావుపాటి అక్షరాలతో 'ఒక్కసారి చాలు, జీవితాంతం' అని ఉంది. దాని కింద చీమలబారంత సన్నగా ఇంకేదో అచ్చేశారు. అది సూర్యకళకి చీమలబారులాగే ఉంది. జీవితాంతం అట. ఎవరి జీవితాంతం? ఆ మాట రాసినవాడికి ఎన్నేళ్ళుంటాయి, పాతికా, ముప్ఫయ్యా? వాడి లెక్కలో జీవితం అంటే పెళ్ళి ఫోటోల దాకానేమో. నలభై దాటిన ఆడది ఒకర్తె వాడి ఎదురుగా కూర్చుని, ఏం నాయనా, మరి నా సంగతేంటి అని అడిగితే ఏం చెబుతాడు? అసలు అడగనిస్తే కదా. చేయించుకున్న మర్నాడు అందరూ వచ్చి ఎలా ఉందమ్మా అంటారు, ఇరవయ్యేళ్ళు పోయాక వచ్చి అడిగేవాడెవడు, అనుకోబోయి సూర్యకళ ఆగిపోయింది. అడిగారు. ఇందాకే అడిగి వెళ్ళారు. ఆ మంటే కదా ఇది.

సత్యశ్రీ అట ఆ పిల్ల పేరు, కౌన్సిలరట, అంటే వచ్చినవాళ్ళకి నచ్చజెప్పే ఉద్యోగం. చీర మడత నలక్కుండా నవ్వుతూ వచ్చి కూర్చుంది. "మీక్కూడా లేజరు అయిందటండి మేడమ్?" అంది. సూర్యకళ నోరు విప్పేలోపే రాణి కళ్ళు మూసుకునే జవాబు చెప్పేసింది. "రెండువేల మూడు పుష్కరాలప్పుడండి. అప్పట్నుంచీ మా అమ్మ మళ్ళీ కళ్ళద్దాల మొహం చూళ్ళేదు." ఆ మాటలో ఎంత గర్వం. సత్యశ్రీ మొహం చాటంతైంది. "మీలాంటివాళ్ళే మాకు కావాలండి. చిన్న వీడియో మేడమ్. ఇన్నేళ్ళయినా అద్దాలతో పని పడలేదని మీ నోటితో ఒక్క మాటంటే చాలండి. పాప చుక్కలు పనిచేసేలోపు తీసేసుకుందాం." సూర్యకళ చూద్దాంలే అమ్మా అంది. గోదారి జిల్లాల్లో చూద్దాంలే అంటే కుదరదని అర్థం. ఆ పిల్లది ఏ ఊరో మరి, సరేనని అనుకుని లైటు తేవడానికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఏం చెయ్యాలి? లేచి వెళ్ళిపోవాలా? రాణిని లేపి పదవే అనాలా? ఎందుకూ అంటే ఏం చెప్పాలి? దాన్ని ఇక్కడిదాకా తెచ్చింది ఈ కాగితంలోని నవ్వులపిల్ల కాదు, సత్యశ్రీ కాదు, ఫోనులో అది చూసే వీడియోలూ కాదు. 'మా అమ్మకి నడిచింది, నాకెందుకు నడవదు.' ఈ ఒక్క మాటతో వాళ్ళ నాన్న రాజేంద్ర నోరు మూయించింది. ఆయన భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ చూసుకునే మనిషి, పిల్ల గట్టిగా ఒక మాటంటే రెండోమాట ఉండదు. అంటే రేపు పొద్దున్న ఆ పిల్ల వెళ్ళి పడుకునేది మిషను కింద కాదు, అమ్మ మాట కింద. ఆ మాట సగమే నిజం. సగం నిజం మీద కన్నపిల్ల కళ్ళు పెడతానంటుంటే తల్లి చలికి ముడుచుకుని కూర్చుంది.

కిటికీలోంచి గోదారి కనిపిస్తోంది. వేసవి గోదారి, ఇసుక తిన్నెలు తేలి, మధ్యలో నీరు సన్నగా మెరుస్తోంది. కుడికంటితో చూస్తే వంతెన కమానులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఎడమకంటితో చూస్తే ఒకదాని పక్కన దాని నీడ. రెండూ తెరిస్తే ఏదో సర్దుకుపోతాయి, కొట్టుకోకుండా కాపురం చేసే తోడికోడళ్ళలా. ఆ ఒడ్డునే కదా తను తప్పిపోయింది. ఆ ఏడు పుష్కరాలకి రాజమండ్రిలో ఇసకేస్తే రాలని జనం. తనకి ఇరవై మూడేళ్ళు, కళ్ళ పవరు మైనస్ ఆరు. నీళ్ళలోకి దిగేముందు కళ్ళద్దాలు తీసి అమ్మకిచ్చింది, అమ్మ తనవీ పిల్లవీ కలిపి కొంగున ముడేసుకుంది. అదీ తెలివి. ఒకరి తర్వాత ఒకరు మునుగుదామన్న ఆలోచన ఆ ఇద్దరు గుడ్డివాళ్ళలో ఒక్కరికీ రాలేదు. మూడు మునకలు వేసి లేచేసరికి లోకం అంతా నీళ్ళల్లో పడ్డ రంగుకాగితం. ఎర్రచీర కనిపించింది, చెయ్యి పట్టుకుంది. మెట్లెక్కుతూ ఆకలేస్తోందని చెప్పింది, పులిహోర పొట్లాలు ఎవరి దగ్గరున్నాయని అడిగింది, పిన్నిగారి కోడలి మీద రెండు చాడీలు కూడా చెప్పింది. ఆ చెయ్యి తాలూకావిడ నామం చదువుకుంటూ నడిచి నడిచి, పైమెట్టు మీద ఆగి, "ఎవరమ్మాయివి తల్లీ నువ్వు, మాది మండపేట" అంది. అదే సమయానికి అక్కడ అమ్మ కూడా ఎవరి పిల్లనో చెయ్యి పట్టుకుని తడిజుట్టు తుడిచేస్తోందని తర్వాత తెలిసింది. తప్పిపోయినవాళ్ళ టెంటులో అంతా చంటిపిల్లలే. వాళ్ళ మధ్య డిగ్రీ చదివిన ఆడపిల్ల. ఏడుస్తున్న పిల్లలందరికీ బిస్కట్ పాకెట్లు పంచుతూ తనకీ ఒకటిచ్చారు. మొగల్తూరు సూర్యకళ, ఆకుపచ్చ చుడీదారు, కళ్ళు సరిగా కనపడవు, సంబంధీకులు వచ్చి తీసుకెళ్ళవలెను. మైకులో ఆ మాట గోదారి ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా వినిపించింది.

తిరుగు బస్సులోనే అమ్మ తేల్చేసింది. అమ్మ పేరు పాపాయి, ఇప్పుడు డెబ్బయ్యేళ్ళ పాపాయి, ఆవిడ ఒకటి తేల్చిందంటే పంచాంగం కూడా మారదు. ఈ సోడాబుడ్లు నాతోనే ఆఖరు, పిల్లకి వద్దు, విశాఖలో లేజరని వచ్చిందట అంది. నెల తిరక్కుండా అయిపోయింది. కన్నుకి రెండు నిమిషాలు పట్టలేదు. వెంట్రుక కాలినట్టు వాసన వచ్చింది, ఆ వాసన ఇప్పటికీ అప్పుడప్పుడూ పొయ్యి దగ్గర వస్తుంది, ఉలిక్కిపడుతుంది. మర్నాడు కళ్ళు తెరిస్తే పైకప్పు మీద బల్లి, బల్లి కాలికి వేళ్ళు. పడుకున్నచోటినుంచి బల్లి వేళ్ళు చూసిన మనిషికే తెలుస్తుంది ఆ సంతోషం. కిటికీలోంచి కొబ్బరాకు ఒక్కొక్క ఈనె విడివిడిగా కనిపించింది. అప్పటిదాకా కొబ్బరిచెట్టంటే పచ్చటి ముద్ద అని కాదుగాని, కొంచెం అలాగే అనుకునేది. ఏడవకూడదన్నారు, కళ్ళు తడపకూడదన్నారు, అయినా ఏడ్చింది. అది అబద్ధం కాదు. సూర్యకళ కోపంలో కూడా ఆ మాటని అబద్ధం చెయ్యలేదు. పండు తియ్యగానే ఉంది. లోపల గింజ ఉందని ఒక్కడూ చెప్పలేదు, గొంతులో అడ్డం పడ్డాక తెలిసింది.

ఒక్కడూ అడగనైనా అడగలేదే. ఎన్ని పరీక్షలు, ఎన్ని మిషన్లలో గడ్డం పెట్టించారు, లైట్లు వేసి ఆర్పారు, అక్షరాలు చదివించారు. దగ్గర పని ఏం చేస్తావమ్మా అని అడిగినవాడు లేడు. అడిగితే చెప్పేది కదా, లేసు అల్లుతానండి, మా అమ్మా అల్లుతుంది, మా అమ్మమ్మా అల్లింది, నర్సాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళం, మాకు తెల్లదారం మీద తెల్లదారం కనపడాలండి అని. ఆ ఒక్క ప్రశ్నకి ఎంతసేపు పడుతుంది?

పసుపు వాసన వస్తోంది. బ్యాగులోంచే. జిప్పు కొంచెం తెరిచి ఉంది, చుక్కల సీసా తీసినప్పుడు సరిగా వెయ్యలేదు. లోపల అమ్మ పొద్దున్న కట్టిచ్చిన పసుపు గుడ్డ ఉంది. అందులో కుంకుమ, రెండు బంతిపూలు, రూపాయి బిళ్ళ. ఆపరేషన్ కాగానే రాణి అద్దాలు అందులో మూటగట్టి గోదాట్లో వదలాలి. ఇది ఏ శాస్త్రంలో ఉందో ఎవరికీ తెలియదు, పాపాయమ్మ శాస్త్రంలో ఉంది. పాత దేవుడి పటాలు ఎలా వదులుతామో, పగిలిన విగ్రహం ఎలా వదులుతామో, అలాగే కళ్ళద్దాలూనట. ఆ ఏడు నర్సాపురం రేవులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబెట్టి తనచేత వదిలించింది. "గోదారమ్మా, ఇవి నీకిచ్చేశాం, మళ్ళీ మా ఇంటికి పంపకు తల్లీ" అని అమ్మే దండం పెట్టింది. మూట మునగడానికి కొంచెం సేపు పట్టింది, తేలుతూ నాలుగడుగులు పోయి, వెనక్కి చూసినట్టు ఒకసారి తిరిగి, అప్పుడు మునిగింది. అమ్మ ఊపిరి పీల్చుకుంది. గోదాట్లో కలిపింది మళ్ళీ గడప తొక్కకూడదు. ఇది మాత్రం అందరికీ తెలిసిన శాస్త్రమే. ఆ ఒక్క మాటతో సూర్యకళ మొహానికి తాళం పడింది. ఆ తర్వాత ఎండకని నల్లద్దాలు కొనుక్కుంటేనే అమ్మ ఇల్లు పీకి పందిరేసింది.

మొదటి పన్నెండేళ్ళూ రాజాలా గడిచాయి. పెళ్ళైంది, రాణి పుట్టింది, అర్ధరాత్రి పాలకి ఏడిస్తే లేచి అద్దాలు తడుముకోకుండా పిల్లని ఎత్తుకోగలిగింది. తర్వాతి పుష్కరాలకి రాజమండ్రిలో అదే రేవులో మునిగి లేచి, సరాసరి అమ్మ మొహం చూసింది. అమ్మ అద్దాలు ముడేసుకుని చేతులు చాచి తడుముతుంటే, వెళ్ళి చెయ్యి పట్టుకుని, నేనేనే అమ్మా అంది. అప్పుడు గోదారమ్మకి మనసులో దండం పెట్టుకుంది కూడా. ఎప్పుడు తిరిగింది మరి? ఒక రోజని లేదు. సాయంత్రం మోటారుసైకిలు మీద మొగుడి వెనక కూర్చుంటే ఎదురొచ్చే రొయ్యల లారీ లైటు ఒక్కటే అయ్యుండి కూడా ముళ్ళకంపలా విచ్చుకోవడం. అందరికీ అంతేనేమో అనుకుంది, ఎన్నాళ్ళో అలాగే అనుకుంది. ఫ్యాను కింద పడుకుని లేస్తే రెప్పలు అతుక్కుపోవడం. ఎడమకన్ను తనకి చెప్పకుండా పుట్టింటికి బయల్దేరినట్టు కొంచెం కొంచెం పాత మైనస్ వైపు నడవడం. ఇవన్నీ ఓర్చుకుంది. గోదావరి ఆడవాళ్ళకి ఓర్చుకోవడం ఒక చదువు. అడిగినవాళ్ళకి నాకేం, నిక్షేపంలా ఉన్నాయి కళ్ళు అనేది. అమ్మ ఎదురుగా అనేది, వీధిలో అనేది, రాణి చిన్నప్పుడు అడ్డాల్లో పడుకోబెట్టుకుని పుష్కరాల కథ చెబుతూ కూడా అనేది. కథ చివర గోదారమ్మ అద్దాలు పట్టుకుపోయింది, అమ్మకి కళ్ళిచ్చింది అనేది. ఆ కథ విన్నపిల్లే ఇప్పుడు భుజం మీద.

అసలు దెబ్బ నలభై దాటాక తగిలింది. మధ్యాహ్నం పూట అమ్మ ఇంటి అరుగు. ఇద్దరూ లేసు పట్టుకుని కూర్చున్నారు. అమ్మ ఏం చేసిందంటే, ఎప్పుడూ చేసేదే, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చూస్తున్నదే, సోడాబుడ్డి అద్దాలు నుదుటి మీదకి తోసేసింది. లేసు తెచ్చి ముక్కు దగ్గర పెట్టుకుంది. చకచకా అల్లుకుపోతోంది, పాట కూడా తీస్తోంది. సూర్యకళ తన లేసు ఒళ్ళో పెట్టుకుని చూసింది. తెల్లటి పొగ. దగ్గరికి తెచ్చింది, ఇంకా పొగ. దూరం పెట్టింది, చెయ్యి చాచింది, చెయ్యి చాల్లేదు. ఏంటే అలా లేసుకి హారతిస్తున్నావు అంది అమ్మ. నవ్వేసి, ఓపిక లేదమ్మా, ఇంట్లో పనుంది అని లేచి వచ్చేసింది. ఆ తర్వాత మళ్ళీ లేసు ముట్టుకోలేదు. వేళ్ళు మాత్రం ఊరుకోవు, ఇప్పుడు కూడా రాణి చున్నీ అంచుని పట్టుకుని లేని సూదితో అల్లుతున్నాయి.

ఊళ్ళో కంటిక్యాంపు పెడితే అమ్మకి తెలియకుండా వెళ్ళింది. డాక్టరు మంచివాడే, వయసు మళ్ళినవాడు. సార్, మా అమ్మకి డెబ్బై దగ్గరపడ్డాయి, ఆవిడ అద్దాలు తీసేసి లేసు అల్లుతుంది, నాకు కనపడదేంటండీ అని అడిగింది. ఆయన టార్చి వేసి చూస్తూ, "ఆవిడకి మైనస్ ఉందిగా అమ్మా, అద్దాలు తీస్తే దగ్గరిది కనబడుతుంది. మీకు మైనస్ తీసేశారుగా, కనబడదు. అంతే కదా" అన్నాడు. అంతే కదా. వర్షం పడితే తడుస్తాం, అంతే కదా అన్నట్టు. ఈ లోకంలో అందరికీ తెలుసన్నమాట. డాక్టర్లకి తెలుసు, అద్దాల షాపువాళ్ళకి తెలుసు, ఆ రోజు విశాఖలో తెల్లకోటు వేసుకున్న అందరికీ తెలుసు. పుస్తకాల్లో ఉండే ఉంటుంది. తెలియనిది ఎవరికయ్యా అంటే, కళ్ళు ఎవరివో వాళ్ళకి. లోపం అన్నారు, తీసేస్తాం అన్నారు. ఆ లోపంలోనే ముసలితనానికి దాచుకున్న చూపు కూడా ఉందని, అదీ ఇదీ ఒకే మూటలో ఉన్నాయని, మూట విప్పి చూపించి, తల్లీ ఇది పోతుంది, ఇది వస్తుంది, ఇప్పుడు చెప్పు అనలేదు. చెప్పినా చేయించుకునేదేమో. బహుశా చేయించుకునేదే. ఇరవై మూడేళ్ళ పిల్లకి ముసలితనం ఎందుకు కనపడుతుంది, అది ఏ మైనస్ కీ కనపడదు. అయినా చెప్పాలి. చెప్పి చేస్తే వైద్యం, చెప్పకుండా చేస్తే ఏమంటారో సూర్యకళకి మంచి మాట దొరకలేదు, చెడ్డమాటలు మాత్రం చాలా దొరికాయి.

పాలకొల్లు బజార్లో దగ్గరచూపు అద్దాలు కొనుక్కుంది. దొంగలా కొంగు చాటున పెట్టుకుని బస్సెక్కింది. ఎక్కడ దాచాలి? బీరువా అమ్మ తెరుస్తుంది, పక్క వీధే ఇల్లు, రోజూ వస్తుంది. ఆవాల డబ్బాలో పెట్టింది. ఆవాల డబ్బా తను తప్ప ఎవరూ ముట్టరు. బియ్యంలో రాళ్ళు ఏరాలంటే, మందు సీసా మీద తారీఖు చూడాలంటే, తలుపు గడియ వేసి, ఆవాలు దులుపుకుని, పెట్టుకుంటుంది. సొంత ఇంట్లో, సొంత కళ్ళకి, సొంత అద్దాలు. లంచం తీసుకున్న గుమస్తా కూడా ఇంత భయపడడు. ఇదంతా ఎవరికోసం? గోదారమ్మ ఏమైనా అడిగిందా? వద్దే తల్లీ, ఆ గాజుముక్కలు నాకెందుకు, నా చేపల గొంతులో పడతాయి అనే ఉంటుంది అడిగితే. మాట ఇచ్చింది అమ్మ, మోస్తున్నది తను, ఇప్పుడు ఇంకో పసుపు గుడ్డ, ఇంకో మూట. రాణి నలభై దాటాక ఏ డబ్బాలో దాచుకుంటుంది? దాని కాపురంలో ఆవాల డబ్బా ఉంటుందో ఉండదో.

రాణి నిద్రలోకి జారినట్టుంది, ఊపిరి మెడ మీద వెచ్చగా తగులుతోంది. ఇంజనీరింగు పిల్ల, ఎంత లావు పుస్తకాలు చదువుతుంది. మంచం మీద బోర్లా పడుకుని, అద్దాలు పక్కన పడేసి, ఫోను ముక్కుకి ఆనించి చూస్తుంది, కళ్ళు పాడైపోతాయే అని ఎన్నిసార్లు తిట్టింది. అచ్చం వాళ్ళ అమ్మమ్మే. అద్దాలు నుదుటి మీదకి తొయ్యడం కూడా ఎవరూ నేర్పలేదు.

గుండ్రటి లైటు వచ్చేసింది. సత్యశ్రీ కర్ర నిలబెట్టి ఫోను బిగించి లైటు వేసింది. మామూలు మనిషికి అది గుండ్రటి లైటు. సూర్యకళకి లైటు చుట్టూ లైటు, దాని చుట్టూ ముళ్ళు. రాణి తలెత్తింది. కళ్ళు తెరిస్తే నల్లగుడ్డు అంతా తానే అయిపోయి పసిపిల్ల కళ్ళలా ఉన్నాయి. "అమ్మా, బాగా చెప్పవే" అంది నవ్వుతూ, ఎటో చూస్తూ.

"మీరేం ఆలోచించక్కర్లేదండి, కార్డు మీద రాసేశాను. చూసి అనేయండి చాలు" అని సత్యశ్రీ చేతిలో ఒక అట్టముక్క పెట్టింది. ముత్యాల్లాంటి సన్నటి రాత అయ్యుంటుంది. సూర్యకళ చెయ్యి తనకి తెలియకుండానే ముందుకి సాగింది. "కొంచెం దగ్గరగా పట్టుకోండి మేడమ్, లైటుకి అడ్డం వస్తోంది." దగ్గరికి తెచ్చింది. పొగ. దూరం. చెయ్యి చాల్లేదు. అమ్మ ఇంటి అరుగు మీద చాలని చెయ్యే ఇది. నేను చెప్పనమ్మా అని లేచిపోవచ్చు, తలనొప్పిగా ఉందనొచ్చు, అలవాటైన అబద్ధాలు నాలుక చివరే ఉన్నాయి. పక్కన పిల్ల అంత పెద్ద కళ్ళు తెరుచుకుని ఎదురుచూస్తోంది.

సూర్యకళ బ్యాగు జిప్పు పూర్తిగా లాగింది. పసుపు గుడ్డ పక్కకి తోసింది. అడుగున పాత జాకెట్టు ముక్కలో చుట్టి దాచి తెచ్చుకున్న ఆవాల డబ్బా అద్దాలు తీసి, కొంగుతో తుడిచి, లైటు ఎదురుగా, ఫోను చూస్తుండగా, పెట్టుకుంది. అక్షరాలు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. నిదానంగా, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు చదివింది. "నా పేరు సూర్యకళ. నేను ఇరవై మూడేళ్ళ కిందట లేజరు చేయించుకున్నాను. ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ నాకు కళ్ళద్దాలతో పని పడలేదు."

సత్యశ్రీ నవ్వు మధ్యలో ఆగిపోయింది. "మేడమ్, ఆ అద్దాలు తీసేసి చెప్పాలండి."

"తీస్తే ఇది కనపడదమ్మా."

సత్యశ్రీ ఫోను ఆపేసింది. పాపం, చెడ్డపిల్ల కాదు, పక్కకి వంగి గొంతు తగ్గించి నచ్చజెప్పింది. "నలభై దాటితే దగ్గరచూపుకి ఎవరికైనా అద్దాలొస్తాయి కదండి. అది లేజరు తప్పు కాదు కదండి. అంతే కదా మేడమ్."

"అంతేనమ్మా. ఆ అంతే కదా అన్నది ముందే చెప్పొచ్చు కదా. నాకు అప్పుడు చెప్పలేదు. నా కూతురికి ఇప్పుడూ చెప్పలేదు. ఆ కాగితం మీద జీవితాంతం అని అంత లావున రాశారే, ఈ ముక్కని చీమల్లా కాకుండా, అలాగే లావుగా ఎందుకు రాయలేదు?" గొంతు పెంచలేదు. వరండాలో కూర్చున్న నలుగురూ అయినా తలలు తిప్పారు.

రాణికి దూరంగా ఉన్నదంతా మసక. అమ్మ మొహం మీద ఏదో నల్లగా ఉందని మాత్రం తెలుస్తోంది. దగ్గరికి జరిగింది. ఇంకా జరిగింది, ముక్కూ ముక్కూ తగిలేంత. లేసు చూసే అమ్మమ్మ ఎంత దగ్గరికొస్తుందో అంత దగ్గరికి. ఆ పెద్ద నల్లటి కళ్ళు అమ్మ అద్దాల మీద మెల్లగా నడిచాయి.

"ఇక్కడ మడత దగ్గర ఆవగింజ ఇరుక్కుందే అమ్మా" అంది.

ఆ ఆవగింజ ఎన్నాళ్ళుగా ఉందో సూర్యకళకి తెలియదు. ఆ అద్దాలు పెట్టుకుని కూడా తనకి ఎప్పుడూ కనపడలేదు. రాణి గోటితో దాన్ని తీసి అరచేతిలో వేసుకుంది. ఆవగింజ ఏంటో, ఎందుకో, ఎన్నాళ్ళుగానో, ఒక్కొక్కటీ దానికి అర్థమవుతున్న కొద్దీ మొహం ముడుచుకుంది. "నాకు ఎందుకు చెప్పలేదు?" అంది. అదే ప్రశ్న. ఇందాకటినుంచీ తను లోకం మొత్తాన్ని అడుగుతున్న ప్రశ్న, తిరిగి వచ్చి తన ఒళ్ళోనే కూర్చుంది. సూర్యకళకి అది తగిలింది, తగలాల్సినచోటే తగిలింది. అందుకని చుట్టూ తిప్పకుండా అంతా చెప్పేసింది. చుక్కల సీసా తీసి చూపించింది, ఎడమకన్ను సంగతి చెప్పింది, లారీ లైట్ల సంగతి చెప్పింది, లేసు మానెయ్యడం ఓపిక లేక కాదని చెప్పింది. బల్లి వేళ్ళ సంగతి కూడా చెప్పింది, కొబ్బరీనెల సంగతి, రెండో పుష్కరాల్లో అమ్మమ్మ మొహం ఎలా కనిపించిందో, అదీ దాచలేదు.

రాణి అరచేతిలో ఆవగింజని వేలితో అటూ ఇటూ దొర్లించింది. లోపలినుంచి దాని పేరు పిలిచారు. లేవలేదు.

"చేయించుకుంటానో లేదో నాకింకా తెలీదు. రేపు మాత్రం కాదు. పెద్దడాక్టరుని ఆ చిన్నక్షరాలన్నీ నోటితో చెప్పమంటాను" అని లేచింది. అమ్మ ఒళ్ళోంచి తన కళ్ళద్దాలు తీసుకుని పెట్టుకుంది. రెండడుగులు వేసి తిరిగింది. "చేయించుకున్నా సరే, ఇవి గోదాట్లో వెయ్యను. అమ్మమ్మకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను" అంది సూర్యకళ. ఆ మాట లేజరు కన్నా భయం.

పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. సత్యశ్రీ లైటు ఆర్పి కర్ర మడిచి పట్టుకెళ్ళింది. కిటికీ అవతల గోదారి తనకేమీ పట్టనట్టు పారుతోంది. సూర్యకళ పసుపు గుడ్డ విప్పింది. బంతిపూలు, కుంకుమ, రూపాయి బిళ్ళ తీసి బ్యాగులో పడేసింది. కళ్ళద్దాలు తీసి ఆ గుడ్డతో శుభ్రంగా తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, రంగుల కాగితం మీది చీమలబారు మొదటినుంచీ చదవడం మొదలుపెట్టింది.